రాచపుండు – పెరుగుమను ఉత్తరువు

మన పల్లెలలో పెద్దలు కాన్సరు వ్యాధిని రాచపుండు అని వ్యవహరించెడివారు. పేరులోనే భయము కలదు. సామాన్యమైన పుండు వచ్చును, మానును, పోవును. ఈ పుండు వచ్చినచో దొరవలె తిష్ఠవేసి కూర్చుండును. ఇంటిల్లిపాదియు దానికి ఊడిగము చేయవలసినదే. ఆ పేరు పెట్టినవారు వ్యాధిని చక్కగా గమనించినవారనుటకు సందేహము లేదు. ఇటీవలి శాస్త్రము ఆ పేరునకు మరియొక యర్థము చేకూర్చినది. ఈ వ్యాధి మూలమున రాజాజ్ఞవంటి దొక ఉత్తరువు కలదు. శరీరములోని కణములకు ‘పెరుగుము, రెండు కమ్ము’ అని చెప్పు ఉత్తరువు అది. సక్రమముగా వెలువడినంతకాలము అది మన ప్రాణమును కాపాడును. దొంగముద్రతో వెలువడినప్పుడు రాచపుండగును. ఆ ఉత్తరువును గూర్చియు, దానిని నిలుపుటకు వచ్చిన మందులను గూర్చియు, ఆ మందులు గోపాల్‌పేటవంటి ఊళ్లకు చేరు దారిని గూర్చియు నేను నేడు మనవి చేయదలచితిని.

జొన్నకోతలో కొడవలి తగిలి వేలు తెగినదనుకొనుడు. గుడ్డపీలిక చుట్టి పని సాగింతుము. కొన్ని దినములలో గాయము పూడుకొనును, క్రొత్తచర్మము వచ్చును, అంతటితో ఆగును. చర్మము పెరుగుట వింతయే. గాటు నిండినచోట సరిగా ఆగుట అంతకంటె వింత. గాయమైనచోట రక్తములోని ఫలకికలు గుమిగూడి కొన్ని మాంసకృత్తులను విడుచును. ప్రక్కనున్న కణములకు అవి సందేశములు. వీనినే వృద్ధికారకములందురు. పేరును బట్టి ఇవి బలమిచ్చు ఆహారములని భ్రమపడరాదు. ఇవి జాబులవంటివి. జాబు కడుపు నింపదు, పని చెప్పును.

ఈ జాబులు మొదట కనబడిన తీరు చిత్రమైనది. ఇటలీ దేశమున పుట్టిన రీటా లెవీ మోంటాల్చినీ యను విదుషి, అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున పరిశోధన చేయుచు, నాడీకణములను పెంచు పదార్థమొకటి కలదని 1950 తరువాతి సంవత్సరములలో కనిపెట్టెను. ఆమెతో పనిచేసిన స్టాన్లీ కోహెన్ ఆ పదార్థమును ఎలుకల లాలాజలగ్రంథినుండి తీసి ఎలుకపిల్లలకు సూదివేయగా, అవి కన్నులు తెరవవలసిన దినములకు ముందే తెరచినవి. మరియొకడైనచో ఇదేదో ప్రయోగదోషమని త్రోసివేసియుండును. కోహెన్ దాని వెంటబడెను. చర్మకణములను పెంచు వేరొక కారకము ఆ రసములో కలిసియున్నదనియు, దానివలననే ఱెప్పలు ముందుగా విడివడినవనియు 1962లో ప్రకటించెను. 1986లో ఆ యిరువురకును నోబెల్ బహుమతి వచ్చినది. ఎలుకపిల్ల ఱెప్పను తెరపించిన ఆ కారకమును పట్టుకొను ద్వారమే ఈనాడు ఊపిరితిత్తుల కాన్సరు మందులలో కొన్నిటికి గురియైనది. ఆ సంగతి ముందు రాగలదు.

గోపాల్‌పేట నిజాము రాజ్యమునకు లోబడిన సంస్థానములలో ఒకటిగా నుండినది గనుక, ఆనాటి పరిపాలనతో పోల్చి చెప్పుట నాకు సులభముగా తోచుచున్నది. కోటనుండి ఒక గ్రామమునకు ఉత్తరువు పోయెననుకొందము. దానిని తెచ్చిన జవాను ఊరిలోనికి రానక్కరలేదు. వాకిట కావలివాడు దానిని పుచ్చుకొని లోపలివానిని కేకవేయును. వాడు పటేలుకు చెప్పును. పటేలు పట్వారీకి చెప్పును. పట్వారీ దఫ్తరము విప్పి పని మొదలుపెట్టును. కణమునందును ఇట్లే. వృద్ధికారకము తాను లోనికి పోయి చెప్పదు. కణపు పొరలో కొంత వెలుపలికిని కొంత లోపలికిని నిలిచియున్న గ్రాహకమను మాంసకృత్తు ఆ జాబును వెలుపలనే పట్టుకొనును. పట్టుకొనిన రెండు గ్రాహకములు జోడుగూడును. అప్పుడు వాని లోపలిభాగము మేల్కొని, తమపైనను ఇతర మాంసకృత్తులపైనను భాస్వరపు ముద్రలు వేయును. ముద్రవేయు శక్తిగల మాంసకృత్తులను కైనేజులందురు. ముద్రపడినది మరియొకదానిని లేపును. ఇట్లు చేతులుమారి సందేశము కణకేంద్రమును చేరును. అచట జన్యువులనెడి దఫ్తరము విప్పబడి, కణము రెండుగా చీలుటకు సిద్ధమగును. పని ముగిసిన పిమ్మట ఆ ముద్రలను చెరిపివేయు మాంసకృత్తులును కలవు. వానిని తలచువారు తక్కువ.

ముద్ర వేయుటకు సిరా కావలెను గదా. కైనేజులకు ఆ సిరా ఏ టీ పీ యను పదార్థమునుండి వచ్చును. అది కణములన్నిటను శక్తిని మోయు పదార్థము. దానిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనిపెట్టగా, అదే కాలమున అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే, ఆయన శిష్యుడు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు వేరుగా కనిపెట్టిరి. సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టిన మనవారు. ఆయనను గూర్చి మరల చెప్పవలసివచ్చును.

మోసము ఈ దారిలో ఎక్కడనైనను జరుగవచ్చును. కొన్ని కణములు తమకు తామే జాబులు వ్రాసికొనును. కోతులకు కాన్సరు కలిగించు నొక వైరసులోని జన్యువు, మన రక్తఫలకికలు విడుచు వృద్ధికారకపు జన్యువునకు దొంగనకలు వంటిదని 1983లో తేలినది. కొన్ని కణముల వాకిట కావలివారు ఇద్దరు ముగ్గురుండవలసినచోట గుంపులుగా నిలుతురు. స్తనపు కాన్సరులలో సుమారు అయిదింట ఒకదానియందు హెర్ టూ అను గ్రాహకము ఇట్లు మితిమీరియుండును. మరికొన్నిట జాబు రాకయే కావలివాడు కేకలు వేయుచుండును. వీనిని త్వరగా దాటి పోవుదును. నేను నిలిచి చెప్పదలచినది వాకిటి లోపల జరుగు మోసమును గూర్చి. ఏలయన దానిని బయటపెట్టినవారిలో ఒకరు మన హైదరాబాదున చదివినవారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు 1982లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థయందు పనిచేయుచుండిరి. మూత్రాశయపు కాన్సరుతో నున్న ఒక మనుష్యునినుండి తీసి, గాజుపాత్రలలో పెంచుచు వచ్చిన కణములు అప్పటికే ప్రయోగశాలలలో ప్రసిద్ధములు. వానినుండి రాస్ అను నొక జన్యువును తీసి మామూలు కణములలో ప్రవేశపెట్టినచో అవియును కాన్సరు కణములవలె పెరుగును. అయితే ఆరోగ్యవంతుని కణములలోను రాస్ జన్యువు కలదు. అదియు ఇదియు చూచుటకు ఒక్కతీరుననే యున్నవి. మరి భేద మెచ్చట? రెడ్డిగారును మరియానో బార్బాసిడ్ మొదలగు ఆయన సహచరులును రెండు జన్యువులను అక్షరమక్షరము చదివి పోల్చిరి. రాబర్ట్ వైన్‌బర్గ్, మైకేల్ విగ్లర్ అనువారి ప్రయోగశాలలును అదే సమయమున అదే పనిలో నుండినవి. అందరును చేరిన ఫలితమొక్కటియే. జన్యువులో ఒక్క అక్షరము మారినది. జీ అక్షర ముండవలసినచోట టీ పడినది. అందువలన రాస్ మాంసకృత్తులో పండ్రెండవ స్థానమున గ్లైసీను పోయి వేలీను వచ్చినది. అంతే.

కరారునామాలో ఒక్క అక్షరము తప్పిపోయి పొలము చేతులుమారిన కథలు మన ఊళ్లలో కొదువలేదు. ఇచట జరిగినది అట్టిదే. రాస్ అనునది వాకిటివాని కేక విని లోపలికి అందించు మనిషి. కేక వినిన క్షణమున మేల్కొనును. మాట అందించిన పిమ్మట తనంతట తానే నిద్రపోవును. మేల్కొలుపు పదార్థమును తానే విరుచుకొని చల్లబడు గుణము దానికి సహజముగా కలదు. పండ్రెండవ స్థానమున వేలీను వచ్చి కూర్చుండగానే ఆ విరుచు శక్తి నశించును. నిద్రలేని ఆ మనిషి కోటనుండి ఏ ఉత్తరువును రాకున్నను ‘పెరుగుము, పెరుగుము’ అని పట్వారీ చెవిలో చెప్పుచునే యుండును. క్లోమమున పుట్టు కాన్సరులలో పదింట దాదాపు తొమ్మిదింటికి రాస్ కుటుంబములోని ఇట్టి మార్పే మూలమని పిదప తెలిసినది. కాన్సరు ఎక్కడనుండియో వచ్చి మీద పడిన దయ్యము కాదనియు, మన సొంత దఫ్తరములో పడిన చేతప్పనియు ప్రపంచమునకు గట్టిగా చూపిన పనులలో ఇది యొకటి. రెడ్డిగారు తరువాత కాన్సరు జన్యువుల పరిశోధనకై 1987లో ఆరంభమైన ఆంకోజీన్ పత్రికను స్థాపించినవారిలో ఒకరైరి.

తెలిసికొనుట వేరు, మాన్పుట వేరు. రాస్ మాంసకృత్తు నున్నగా నుండు గోళమువంటిది. మందు పట్టుకొని నిలుచుటకు దానిపై గుంట దొరకక పరిశోధకులు దశాబ్దములపాటు నిరాశపడిరి. ఊపిరితిత్తుల కాన్సరులో రాస్‌ను నేరుగా పట్టు మొదటి మందు సొటొరాసిబ్ అమెరికాలో అనుమతి పొందినది 2021లో. అనగా 1982 తరువాత 39 ఏండ్లు గడచినవి. అదియును పండ్రెండవ స్థానమున సిస్టీను వచ్చినవారికి మాత్రమే పనిచేయును. రెడ్డిగారు చూచిన వేలీనుకు పనిచేయదు.

ఇప్పుడు మందుల సంగతికి వత్తము. 1940 నుండి సుబ్బారావుగారు లెడర్లే కంపెనీలో పరిశోధనలు సాగించిరి. అచటివారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సూక్ష్మజీవులు దానిని ఇచ్చినగాని పెరుగవు గనుక అప్పటివారు దానినిగూడ పెరుగుదలకు కారకమని పిలిచిరి. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ల్యూకీమియా యను రక్తపు కాన్సరుతో నున్న పిల్లలకు ఫోలిక్ సంబంధమైన పదార్థములిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగా వేగిరపడినట్లు ఆయనకు తోచినది. అట్లైనచో ఫోలిక్ ఆమ్లమునకు వేషధారియైన పదార్థమునిచ్చి కణములను పస్తుపెట్టిన నెట్లుండును? సుబ్బారావుగారి బృందము అట్టి అమినోప్టెరిన్ అను మందును తయారుచేసి యిచ్చెను. 1948లో ఫార్బర్ 16గురు పిల్లలలో 10 మందికి కొంతకాలము గుణము కనబడినదని ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటును ఈనాటికిని వాడుచున్నారు.

అది ఆకలిపెట్టు వైద్యము. పెరుగు కణమేదైనను దానికి ఆకలి వేయును గనుక, జుట్టు, నోటిపొర, రక్తము పుట్టు మజ్జ ఇవియును నష్టపడును. ఉత్తరువును నిలుపు వైద్యము వేరు. రోగికణమునకు ఏ దొంగ ఉత్తరువు అందుచున్నదో తెలిసికొని, ఆ ఒక్కదాని నోరు మూయవలెను. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ హెర్ టూ గ్రాహకమును వెలుపలినుండి పట్టి నిలుపును. 2001లో వచ్చిన ఇమాటినిబ్ లోపలికి పోయి పనిచేయును. దీర్ఘకాలిక ల్యూకీమియా యొకదానిలో తొమ్మిదవ క్రోమోజోము ముక్కయు ఇరువదిరెండవదాని ముక్కయు తారుమారై అతుకుటచే, ఎప్పుడును ఆగని కైనేజు ఒకటి పుట్టును. ఇమాటినిబ్ ఆ కైనేజులో ఏ టీ పీ కూర్చుండవలసిన గుంటలో తాను కూర్చుండును. సిరాబుడ్డి మూతపడినది, ముద్రలు ఆగినవి. సుబ్బారావుగారు 1929లో చూపిన ఆ సిరాయే డెబ్బదిరెండేండ్ల పిమ్మట వైద్యమునకు పట్టు దొరకిన చోటయినది. పూర్వము ఆ వ్యాధి వచ్చినవారు కొలదియేండ్లలో పోవువారు. ఇమాటినిబ్‌తో చికిత్స మొదలిడినవారిలో నూటికి సుమారు 83 మంది పదియేండ్ల తరువాతను జీవించియుండిరని 2017లో ప్రకటింపబడినది. దినమునకొకసారి మాత్ర మ్రింగి పొలము పనికి పోవుచు బ్రదుకవచ్చును. ఇన్నివిధముల కాన్సరు మందులలో నాకు మిక్కిలి గౌరవముగలది ఇదియే.

ఐతే ఆ మాత్ర ఖరీదెంత? ఈ ప్రశ్న గోపాల్‌పేటలో మొదట వచ్చును, బోస్టనులో చివర వచ్చును. కనిపెట్టిన నోవార్టిస్ కంపెనీ మందునకు మన దేశమున నెలకు సుమారు 1,20,000 రూపాయలుగా నుండెను. అదే మందును మన దేశపు కంపెనీలు ఇంచుమించు పదింట ఒక వంతు ధరకు అమ్మినవి. అట్లు చేసినవానిలో హైదరాబాదులోని నాట్కో ఒకటి. నన్నపనేని వెంకయ్యచౌదరిగారు 1981లో స్థాపించిన ఆ కంపెనీ కార్ఖానాలలో ఒకటి కొత్తూరులో కలదు. ఆ ఊరు 2016 వరకు మన మహబూబునగరు జిల్లాలోనిదే. జిల్లాలు విడదీసినప్పుడు రంగారెడ్డిలో చేరినది. నోవార్టిస్ తన మందునకు ఇచట పేటెంటు కోరగా, 2006లో చెన్నపట్నపు పేటెంటు కార్యాలయమువారు నిరాకరించిరి. తగవు సుప్రీముకోర్టు వరకు పోయి, తెలిసిన మందును వేరొక స్ఫటికరూపమున చూపినంతమాత్రమున, గుణము పెరుగనిది, క్రొత్తది కాజాలదని 2013 ఏప్రిలు 1న తీర్పు వచ్చినది.

అంతకు ముందటి యేడు మరియొక వ్యాజ్యెము నడచినది. ముదిరిన కాలేయపు కాన్సరునకును మూత్రపిండపు కాన్సరునకును ఇచ్చు సొరాఫెనిబ్ అను మందు బేయరు కంపెనీది. అది రెండు పనులు చేయును: రాస్ మేల్కొలుపు కైనేజును నిలుపును, పుండు తనకు రక్తనాళములను రప్పించుకొనుటకు పంపు వృద్ధికారకపు జాబులను అందనీయదు. దానికి అప్పుడు పేటెంటు ఉండెను. నెలకు కావలసిన 120 మాత్రల వెల 2,80,428 రూపాయలుగా నుండెను. కావలసినవారిలో నూటికి సుమారు ఇద్దరికి మాత్రమే అది అందినదని పేటెంటుల నియామకాధికారి గుర్తించి, 2012 మార్చి 9న నాట్కోకు నిర్బంధలైసెన్సు నిచ్చెను. అనగా పేటెంటుగలవారి సమ్మతి లేకున్నను తయారుచేయుటకు అనుజ్ఞ. మన దేశమున ఇట్టిది అదియే మొదటిది. నాట్కో 120 మాత్రలను 8,880 రూపాయలకు మించకుండ అమ్మవలెననియు, ఏటేట కనీసము 600 మంది బీదరోగులకు ఉచితముగా ఇయ్యవలెననియు, అమ్మకముపై నూటికి 6 చొప్పున బేయరునకు ప్రతిఫలము చెల్లింపవలెననియు నియమములు. పై యధికరణమువారు ప్రతిఫలమును 7కు పెంచిరి. 2014 డిసెంబరులో సుప్రీముకోర్టు బేయరు అప్పీలును త్రోసివేసినది. ఆ పేటెంటు కాలము 2020తో తీరినది. ఇప్పుడు ఎవరైనను చేయవచ్చును.

కనిపెట్టినవారికి ఫలము దక్కవలదని నేననను. వారు పెట్టిన సొమ్ము, పోగొట్టుకొనిన యత్నములు లెక్కలేనివి. అయినను ఈ మందు విషయమున మరియొక సంఖ్యనుగూడ చెప్పనిచో శ్రోతలకు న్యాయము జరుగదు. 2008లో ప్రకటించిన పరీక్షలో, ముదిరిన కాలేయపు కాన్సరు కలవారు మందు లేక నడిమిలెక్కన 7.9 నెలలు, మందుతో 10.7 నెలలు జీవించిరి. మూడు నెలలకు కొంచెము తక్కువ ఆయువు. దానికై నెలకు రెండు లక్షల యెనుబదివేలు! పాలమూరు రైతు ఎకరములమ్మి కొనవలసిన మూడు నెలలవి. ఆ యెకరములపై పిల్లలు బ్రదుకవలెను. ధర ముప్పదవ వంతునకు దిగినప్పుడు, కొనవలెనా వలదా అని ఇంటివారు ఆలోచించుకొనుటకైనను వీలు చిక్కినది. ఉత్తరువును నిలుపు మందులన్నియు ఇమాటినిబ్ వంటివి కావు. కొన్ని ఏండ్ల నిచ్చును, కొన్ని నెలల నిచ్చును. వైద్యుని ‘మందు కలదా’ యని అడుగుటతో ఆగక, ‘దీనివలన మాబోటి రోగికి ఎంతకాలము, ఎట్టి జీవితము’ అని అడుగుట రోగి హక్కు.

మరియొక ప్రశ్నయు అడుగవలెను: ‘ఆ దొంగ ఉత్తరువు మా రోగిలో నున్నదో లేదో పరీక్షించితిరా?’ ఇది చాల ముఖ్యము. ఊపిరితిత్తుల కాన్సరునకు గెఫిటినిబ్ అను మాత్ర కలదు. కోహెన్ ఎలుకపిల్లలలో చూచిన కారకమునకు గ్రాహకమేదో, దానిని నిలుపునది. మొదట అందరికిని ఇచ్చి చూచిరి. కొందరికి అద్భుతముగా పనిచేసినది, అనేకులకు ఏమియు కాలేదు. గ్రాహకపు జన్యువులో మార్పుగలవారే మేలు పొందుచున్నారని 2004లో తెలిసినది. ఆసియా దేశముల రోగులపై జరిగి 2009లో వెలువడిన పరీక్షలో, మార్పు ఉన్నవారికి ఈ మాత్రతో మామూలు కీమోథెరపీకంటె ఎక్కువకాలము వ్యాధి అదుపులో నుండెను. మార్పు లేనివారికి కీమోథెరపీయే మేలైనది, మాత్ర పుచ్చుకొనినవారికి వ్యాధి త్వరగా ముదిరెను. ఒకే మాత్ర, ఒకరికి రక్ష, మరియొకరికి కాలహరణము. అట్టి మార్పులు చుట్ట, బీడీ ఎన్నడును ముట్టనివారిలో ఎక్కువగా కనబడును గనుక, పొగత్రాగని స్త్రీకి ఊపిరితిత్తుల కాన్సరు వచ్చినచో పరీక్ష మానుట పెద్ద తప్పు.

మన ప్రాంతమున తరచుగా కనబడు నోటి కాన్సరు, గర్భాశయముఖపు కాన్సరు సంగతి వేరు. అవి తొలిదశలో నున్నప్పుడు శస్త్రచికిత్సయు రేడియేషనుమే ప్రధానములు. క్రొత్తమందు వచ్చినదని విని ఆ చికిత్సను ఆలస్యము చేయుట ఆత్మహత్యవంటిది.

ఈ మందులు పుచ్చుకొనువారికి ఒక హెచ్చరిక. చర్మమును పెంచు గ్రాహకము ఆరోగ్యమైన చర్మమునందును కలదు. గెఫిటినిబ్ వంటివి వాడినప్పుడు ముఖముపైనను రొమ్ముపైనను మొటిమలవంటి పొక్కులు లేచును. ‘మందు వేడిచేసినది’ అని మనవారు మాత్రలు మానివేసి మజ్జిగ త్రాగుచు కూర్చుందురు. మజ్జిగ త్రాగుడు, మంచిదే. మాత్ర మాత్రము వైద్యునడుగక మానకుడు. ఆ పొక్కులు మందు తన గ్రాహకమును చేరినదనుటకు గుర్తు. వానికి వేరే లేపనములు కలవు. అట్లే ట్రాస్టుజుమాబ్ పుచ్చుకొనువారికి అప్పుడప్పుడు గుండెను పరీక్షింపవలెను.

కాలము గడచినకొలది కణములు మందును తప్పించుకొను క్రొత్తదారులు వెదకుకొనును. ఒక వాకిలి మూసినచో మరియొకటి తెరచును; లేదా మందు కూర్చున్న గుంటయే రూపుమారును. అందుచే మందు పనిచేయుట మానినప్పుడు మరల పరీక్ష చేసి, మారిన ఉత్తరువునకు తగిన మందు నిత్తురు. ల్యూకీమియాలో ఇమాటినిబ్ తరువాతి మందులును, ఊపిరితిత్తులలో గెఫిటినిబ్ తరువాతి మందులును ఇట్లు పుట్టినవే.

పరీక్ష యనగానే పుండునుండి చిన్న ముక్క తీయవలెను. ఇచటనే మన పల్లెలలో పెద్ద యడ్డంకి. ‘కత్తి తగిలినచో పుండు ప్రాకును’ అని చెప్పి రోగిని ఇంటికి తీసికొనిపోవువారిని నేనెందరినో చూచితిని. ప్రాకునది ముక్క తీసినందున కాదు. ముక్క తీయుటకు భయపడి పోగొట్టిన నెలలలో అది దానంతటదే ప్రాకును. వనపర్తినుండి హైదరాబాదు దాదాపు 150 కిలోమీటర్లు. అచట ఎర్రగుట్టల ప్రాంతమున, రెడ్ హిల్స్ అని పిలుచుచోట, ప్రభుత్వపు మెహదీ నవాజ్ జంగు కాన్సరు ఆసుపత్రి కలదు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిలు 1న మొదలైనప్పుడు, మొదట అమలుచేసిన మూడు జిల్లాలలో మన మహబూబునగరు ఒకటి. కాన్సరు చికిత్సలు అందులో చేరియున్నవి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు ఏటి పరిమితిని పది లక్షలకు పెంచినది. ఏ మందు, ఏ పరీక్ష పథకములోనిదో, ఏది చేతిసొమ్ముతో చేయింపవలెనో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి దినముననే అడుగుట మేలు.

చివరగా, పనులకై దూరదేశములకు పోవు మనవారికి ఒక మాట. పుండునుండి తీసిన ముక్కను ఆసుపత్రివారు మైనపు దిమ్మెలో నిలువచేయుదురు. దానికొక సంఖ్య వేసి, ఆ సంఖ్యను రిపోర్టు కాగితముపై వ్రాయుదురు. పాలమూరు కూలివారు నేడు హైదరాబాదులో ముక్క తీయించి, మరి రెండు నెలలకు బొంబాయిలోనో పూనాలోనో తేలుదురు. కాగితము ఇంటి దూలమున చెక్కియుండును. అచటి వైద్యుడు మరల మొదటినుండి ఆరంభింపవలసివచ్చును. ఆ కాగితపు నకలు రోగివద్ద ఒకటియు, ఇంటివద్ద ఒకటియు నుంచుకొనుడు. వేరొక యూర వైద్యుడు కోరినచో మైనపు దిమ్మెను ఆసుపత్రినుండి అడిగి తీసికొనవచ్చును. జన్యువులో మారిన అక్షరమేదో చదువుటకు అనేకసమయముల ఆ దిమ్మెనుండి కోసిన పలుచని పొరలే చాలును; రోగిని మరల కోయనక్కరలేదు.